మూటలు మోసిన దారుల్లో... మున్నార్!

తమిళంలో 'ముదుగు' అంటే వీపు. మదురైలో ఉండలేని పరిస్థితి వచ్చి, పిల్లల్నీ కొలిచే దేవతనీ వీపున కట్టుకుని పడమటి కనుమలు ఎక్కి వచ్చామనీ, అందుకే తమకు ముత్తువన్లనే పేరు వచ్చిందనీ మున్నార్ చుట్టుపక్కల గిరిజనులు చెప్పుకుంటారు. అది చరిత్రో కథో కానీ, ఆ లెక్కన ఈ కొండలకు వీపున బరువుతో వచ్చిన మొట్టమొదటి బాటసారులు వాళ్లే. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుల నుంచి కుర్రకారు అవే కొండలకు సంచులు తగిలించుకుని వస్తోంది. దానికి 'బ్యాక్‌ప్యాకింగ్' అని కొత్త పేరు!

తెలుగువాళ్లకి మున్నార్ అనగానే గుర్తొచ్చేది హనీమూన్ ప్యాకేజీ. రెండు రాత్రులు, ఒక కారు, మాట్టుపెట్టి డ్యాములో బోటు షికారు, ఎకో పాయింట్ దగ్గర గొంతు చించుకుని ఓ కేక, వచ్చేటప్పుడు యాలకులూ ఇంట్లో చేసిన చాక్లెట్లూ. కారు అద్దంలోంచి చూస్తే తేయాకు కొండలు పచ్చటి దుప్పటి కప్పుకున్నట్టే ఉంటాయి. దిగి నాలుగడుగులు నడిస్తే కానీ తెలీదు... అది తోట కాదు, పైకప్పు లేని ఫ్యాక్టరీ అని.

అలా నడిచి చూడాలనుకునేవాళ్లకి ఖర్చూ తక్కువే. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఆలువా దాకా వెళ్లి, అక్కడ బస్సెక్కితే సుమారు 110 కిలోమీటర్లు. నేరియమంగళం వంతెన దాటాక ఘాట్ మొదలవుతుంది. కిటికీలోంచి వచ్చే గాలి అడిమాలి దాకా మామూలుగానే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా స్వెట్టర్ అడుగుతుంది. మన లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటేనే ఉదయాలు వణికిస్తాయి కదా, మున్నార్ ఊరు సుమారు 1,500 మీటర్ల పైన ఉంది. జనవరిలో కొన్ని రాత్రులు చుట్టుపక్కల ఎస్టేట్లలో చలి సున్నా దాకా దిగి, మంచు పేరుకుని తేయాకు మాడిపోతుంది కూడా. జేబు మరీ పల్చగా ఉన్నవాళ్ల కోసం కేరళ ఆర్టీసీ 2020లో మున్నార్ డిపోలో పాత బస్సుల్లోనే పడకలు వేసి, మంచానికి వంద రూపాయలు చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టింది. లాడ్జి అద్దెలు చూసి వెనక్కి తిరిగే విద్యార్థులకి అంతకంటే మంచి వార్త ఏముంటుంది!

మున్నార్ అంటే మూడు ఏరులు. 'మూన్ను' మూడు, 'ఆరు' ఏరు. ముతిరప్పుళ, నల్లతణ్ణి, కుండల అనే మూడు ఏళ్లు ఊరి దగ్గరే కలుస్తాయి. నల్లతణ్ణి వైపు నడుచుకుంటూ వెళ్తే 2005లో తెరిచిన టీ మ్యూజియం వస్తుంది. లోపల ఓ చిన్న రైలు చక్రం ఉంటుంది. ఇంత ఎత్తున రైలేమిటని చాలామంది అనుకుని ముందుకు వెళ్లిపోతారు. ఆ చక్రం దగ్గర కాసేపు ఆగడం మంచిది.

1877లో జాన్ డేనియల్ మన్రో అనే ఆంగ్లేయుడు పూంజార్ రాజు దగ్గర ఈ కొండల్ని కౌలుకు తీసుకున్నాడు. కొంచెం కాదు, దాదాపు 227 చదరపు మైళ్లు! సింకోనా, కాఫీ అన్నీ వేసి చూశారు. 1880లో పార్వతి ఎస్టేట్‌లో షార్ప్ అనే దొర యాభై ఎకరాల్లో తేయాకు నాటాడు. అది నిలబడింది. పండిన టీని ఓడరేవుకు చేర్చడమే సమస్య. 1902లో కుండల లోయలో ఒంటి పట్టా మీద ఎడ్లు లాగే బండి వేశారు. 1908 నాటికి అది ఆవిరి ఇంజన్ల బుల్లి రైలైంది. టీ పెట్టెలు రైల్లో టాప్ స్టేషన్ దాకా వచ్చి, అక్కణ్నుంచి తీగల మీద వేలాడుతూ కింద బాటమ్ స్టేషన్‌కి దిగి, బండ్ల మీద బోడినాయకనూరు వైపు సాగేవి. ఇప్పుడు టాప్ స్టేషన్‌లో ఫొటోలు దిగేవాళ్లు ఆ పేరులో 'స్టేషన్' ఎందుకుందని అడగరు. 1924 జులైలో వచ్చిన వరదకి పట్టాలూ వంతెనలూ కొట్టుకుపోయాయి. రైలు మళ్లీ రాలేదు. మలయాళ సంవత్సరం 1099లో వచ్చింది కాబట్టి కేరళలో దాన్ని ఇప్పటికీ 'తొంభై తొమ్మిది వరద' అంటారు.

మరి అన్ని వేల ఎకరాలు నాటిందెవరు? తమిళనాడు పల్లెల నుంచి కంకాణీలు అనే మేస్త్రీలు తీసుకొచ్చిన కూలీలు. మన కోస్తా జిల్లాల వాళ్లని బర్మాకి తరలించిన మేస్త్రీల్లాంటివాళ్లే వీళ్లూను. ముందు బయానా, తర్వాత తీరని అప్పు. బోడి వైపు నుంచి కాలినడకన కొండెక్కి వచ్చిన ఆ కుటుంబాల మునిమనవలే ఈనాటికీ ఆకు కోస్తున్నారు. అందుకే కేరళలో ఉన్నా ఎస్టేట్ దారుల్లో వినిపించేది ఎక్కువగా తమిళమే. ఈమధ్య జార్ఖండ్, అస్సాంల నుంచి వచ్చినవాళ్ల మాటలు కూడా కలుస్తున్నాయి.

తెల్లారి ఎనిమిదింటికల్లా ఆడవాళ్లు బారులు తీరి తోటలోకి దిగుతారు. నడుముకి ప్లాస్టిక్ పట్టా, వీపున సంచి, చేతిలో పెట్టె బిగించిన కత్తెర. రెండాకులూ ఒక మొగ్గా అని పుస్తకాల్లో చదివిన లెక్క చేతి కోతకి సంబంధించింది. దిగుబడి ఎక్కువ ఉన్న రోజుల్లో కత్తెరే ఆడుతుంది. నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకి అటూఇటూగా ఒక్క కిలో టీపొడి వస్తుంది. తుప్పలన్నీ నడుమెత్తునే సమంగా ఉండడం ప్రకృతి చిత్రం అనుకుంటారు కానీ, కొన్నేళ్లకోసారి మొదలు దాకా నరికి, వారం వారం కోస్తుంటేనే అవి అలా ఉంటాయి. వదిలేస్తే తేయాకు చెట్టై కూర్చుంటుంది. తుప్పల మధ్య మెలికలు తిరిగే గీతలు కూడా అందం కోసం గీసినవి కావు. కోసేవాళ్ల కాలిబాటలవి.

ఈ బాటల మీదుగానే 2015 సెప్టెంబరులో వేలమంది ఆడవాళ్లు మున్నార్ బజారుకి దిగివచ్చారు. బోనస్ సగానికి కోశారన్నది కోపం. తొమ్మిది రోజులు రోడ్డు మీదే కూర్చున్నారు. మాట్లాడతామంటూ వచ్చిన యూనియన్ నాయకుల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. ఏ పార్టీ జెండా లేకుండా 'పెంబిళై ఒరుమై', అంటే ఆడవాళ్ల ఐక్యత అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. అడిగిన 20 శాతం సాధించారు. ఆ తర్వాత కూలీ మాట వచ్చింది. అప్పటికి రోజుకి 232 రూపాయలు. 500 అడిగితే 301 దగ్గర తేలింది. ఆ రోజుల్లో మున్నార్ హోటల్లో ఒక రాత్రి గది అద్దె వాళ్లకి వారం కూలీ కంటే తక్కువేం కాదు.

కాలిబాటల చివర కనిపించే పొడుగాటి రేకుల ఇళ్లను 'లయం' అంటారు. ఒకే కప్పు కింద వరసగా గదులు. ఇల్లు ఉద్యోగంతో ముడిపడింది. రిటైరైతే, ఇంట్లో ఇంకెవరూ పనిలో లేకపోతే, ఖాళీ చేయాలి. నాలుగు తరాలు ఉన్న చోట సొంతానికి జానెడు నేల లేని కుటుంబాలెన్నో.

వరయాడు అనే కొండమేకల్ని చూడటానికి అందరూ రాజమల వెళ్తారు. ఎరవికుళం జాతీయ పార్కు అది, ఆనముడి శిఖరం (2,695 మీటర్లు) నీడలో ఉంటుంది. మేకలు ఈనే కాలం కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో మూసేస్తారు. అక్కడికి అవతలే పెట్టిముడి. 2020 ఆగస్టు 6 రాత్రి, కుండపోత వానలో కొండ విరిగి నాలుగు వరసల లయాల మీద పడింది. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. కబురు బయటికి రావడానికి తెల్లారింది. 70 మంది పోయారు, పిల్లలతో సహా. ఆ దారిన వెళ్లే నడకరులు సెల్ఫీ కర్రలు సంచిలోనే ఉంచుకుంటే బావుంటుంది.

పైకి ఎక్కాలన్న సరదా ఉన్నవాళ్లకి 2,640 మీటర్ల మీసపులిమల ఉంది. మీసం, పులి, మల... తెలుగువాడికి అర్థం చెప్పక్కర్లేని పేరు! కేరళ అటవీ అభివృద్ధి సంస్థ దగ్గర ముందే బుక్ చేసుకుని, గైడుతోనే వెళ్లాలి. కొళుక్కుమలకి సూర్యనెల్లి నుంచి జీపులో, ఎముకలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. తోట తమిళనాడుది, దారి కేరళది! అక్కడి ఫ్యాక్టరీలో 1930ల నాటి యంత్రాలు ఇంకా తిరుగుతున్నాయి. మన వీధి చివర బండి మీద మరిగే టీపొడి సీటీసీ రకం, నలిపి గుండ్రంగా చేసిన పలుకులు. ఇక్కడిది ఆకుని మెలిపెట్టి ఆరబెట్టే పాత పద్ధతి. పాలు పోయకుండా తాగితేనే దాని రుచి తెలుస్తుంది. మొదటి గుక్కకి 'ఇదేం టీ' అనిపించినా, రెండో కప్పు అడగనివాళ్లు తక్కువ.

ఆ పక్క లోయలోకి, కురంగణి అడవి గుండా దిగే కాలిబాట మాత్రం అనుమతి లేకుండా తొక్కరాదు. 2018 మార్చి 11న ఎండిన గడ్డికి నిప్పంటుకుని 20 మందికి పైగా పర్వతారోహకులు ప్రాణాలు పోగొట్టుకున్నది అక్కడే. తేయాకు తోటలూ ప్రైవేటు స్థలాలే కాబట్టి అడిగి అడుగుపెట్టాలి. చీకటి పడ్డాక అసలే వద్దు. రోడ్ల మీద తిరిగే ఓ దంతాల ఏనుగుకి స్థానికులు 'పడయప్ప' అని రజనీకాంత్ సినిమా పేరు పెట్టుకున్నారు. తెలుగులో ఆ సినిమా పేరు 'నరసింహ'. ఎదురుపడితే ఏ భాషలో పిలిచినా పలకదు, పక్కకి తప్పుకోవాల్సింది మనమే!

నీలకురింజి కోసం వెళ్దామనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. పన్నెండేళ్లకోసారి కొండల్ని నీలంగా మార్చే ఆ పువ్వు 2006లో, 2018లో పూసింది. మళ్లీ 2030లోనే. 2018లో పూసినప్పుడు కేరళంతా వరదల్లో ఉంది. చూడాలనుకున్నవాళ్లు చాలామంది రాలేకపోయారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆలువా వైపు కాకుండా తేని బస్సెక్కితే వేరే లోకం కనిపిస్తుంది. దేవికుళం, గ్యాప్ రోడ్డు, యాలకుల తోటల పూప్పార, ఆ తర్వాత బోడిమెట్టు. అక్కణ్నుంచి 17 హెయిర్‌పిన్ మలుపుల్లో చలి కాస్తా ఎండైపోతుంది. కూలీలు కొండెక్కి వచ్చింది ఈ వైపు నుంచే. కింద బోడినాయకనూరు ఒకప్పుడు కంబళ నాయకర్ల పాళెం. పాలించింది తెలుగు మాట్లాడే వంశమే. ఆ జిల్లాలో ఇళ్లల్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి, అయితే చదవడం రాయడం తమిళంలోనే. 2023 జూన్ నుంచి బోడికి చెన్నై రైలు కూడా నడుస్తోంది, వారానికి మూడు రోజులు. స్టేషన్ బయట యాలకుల బస్తాలు దించుతుంటారు. రైలుకి టైముంటే ఓ టీ తాగి, ఆ వాసన పీల్చుకుంటూ కూర్చోవచ్చు.