వాట్సనునకు జరిగిన యన్యాయము

ఒక కల్పితపురుషుని నిమిత్తమై నలువదేండ్ల స్నేహము చెడునని నాతో నెవరైన ననియుండినచో నేను నవ్వియుందును. కాని క్రిందటి సంక్రాంతినాడు మా యింట నట్టి పనియే జరిగినది. ఆ కల్పితపురుషుడు షెర్లాక్ హోమ్సు.

ఆతనిని గూర్చి చదువరులకు వేరుగ చెప్పనక్కఱలేదు. ఆర్థర్ కోనన్ డాయిలు 1887 మొదలు 1927 వఱకు నాలుగు నవలలును ఏబదియాఱు కథలును వ్రాసి యా యపరాధపరిశోధకుని లోకమున కిచ్చెను. పిమ్మట నాటకశాలయు, చలనచిత్రమును, టెలివిజనును వానిని పట్టుకొని విడువలేదు. 2012లో గిన్నిస్ వారు లెక్కించునప్పటికే ఆతడు తెరమీద 254 మారులు కనబడియుండెను. ఇన్ని ముఖములలో హోమ్సు ముఖ మేది? రష్యనులు తమ వసీలీ లివనోవే హోమ్సని యందురు. 2006లో బ్రిటిషువారే యాతనికి బిరుదమిచ్చి గౌరవించిరి. ఎవరి దేవుడు వారికి గొప్ప.

నా మిత్రుడు బేసిల్ రాత్‌బోనునకు భక్తుడు. 1939 నుండి 1946 వఱకు వచ్చిన పదునాలుగు చిత్రములలో నీతడే హోమ్సు. కోసుముక్కు, తీక్ష్ణమైన చూపు, ఆజ్ఞాపించు కంఠము. రూపమునకు వంక పెట్టుటకు లేదు. కాని మొదటి రెండు చిత్రములు తప్ప తక్కినవి కథాకాలమును విడిచి, హోమ్సును రెండవ ప్రపంచయుద్ధపు దినములలోనికి తెచ్చి, నాజీ గూఢచారులపైకి కూడ పంపినవి. నేను జెరిమీ బ్రెట్టు పక్షము. 1984 నుండి 1994 వఱకు గ్రెనడా సంస్థవారు టెలివిజనులో ప్రదర్శించిన కథలలో నాతడు హోమ్సు. మూలగ్రంథమును దగ్గఱ నుంచుకొని ప్రతి మార్పునకును పోరాడెనని ప్రసిద్ధి. నా మేనకోడలికి 2010లో వచ్చిన బెనెడిక్ట్ కంబర్‌బాచ్ కావలెను. చేతిఫోనులో సందేశములు పంపు హోమ్సును చూచి మేమిద్దఱమును నవ్వుదుము. మాకు ఏకాభిప్రాయ మా యొక్క విషయముననే.

రాత్‌బోను చిత్రములపై నాకు గల కోపము రాత్‌బోనుమీద గాదు, అందలి వాట్సనుమీద. డాయిలు వ్రాసిన వాట్సను వైద్యుడు, ఆఫ్‌గన్ యుద్ధమున గాయపడి వచ్చినవాడు, ప్రమాదమున వెనుదీయనివాడు. ఆతడు వ్రాసిపెట్టకున్న హోమ్సు పేరే మనకు తెలియకపోవును. అట్టివానిని నైజెల్ బ్రూసు మాటమాటకు తడబడు వెఱ్ఱిబాగులవానిగ చేసెను. పండితుని పాండిత్యము తెలియవలెనన్న ప్రక్కన నొక మూర్ఖు డుండవలెనా? సంక్రాంతినాడు, ఇంటినిండ బంధువులుండగా, నే నిట్లు గర్జించితిని.

నా మిత్రుడును తగ్గలేదు. ఇది ప్రథమపాఠమే గదా యని హోమ్సు వాట్సనుతో ననెడి ప్రసిద్ధవాక్యము రాత్‌బోను నోట విన్నట్లు మఱియెవరి నోటను వినలేమనియు, అది డాయిలు సొంతవాక్యమే యనియు వాదించెను. నేను లోపలికి పోయి లావుపాటి సంపుటమును తెచ్చి యాతని యొడిలో పెట్టి, “ఏదీ, చూపుము” అంటిని.

ఆ వాక్య మఱువది కథలలో నెచ్చటను లేదు. ముక్కలుగ విడివిడిగ నున్నది గాని యొక్కచోట లేదు. ఇది నాకు తెలియును. తెలిసియు నూరకుంటిని. ఆతడు కండ్లజోడు సవరించుకొని పావుగంటసేపు పుటలు త్రిప్పెను. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని. ఆతడు పుస్తకమును మెల్లగ మూసి, “వచ్చెద నోయి” యని కాఫీయైన త్రాగకయే వెడలిపోయెను.

ప్రతి సంవత్సరమును ఉగాదిపచ్చడి మా యింటనే తినువాడు, ఈ యుగాదికి రాలేదు.

ఆ సాయంకాలము నా మేనకోడలును నేనును బ్రెట్టు నటించిన ‘డెవిల్స్ ఫుట్’ చూచుచుంటిమి. 1988 నాటిది. అందు హోమ్సు తన కొకేను సూదిని కార్న్‌వాల్ సముద్రపుటొడ్డున నిసుకలో పూడ్చివేయును. “మామయ్యా, ఇది పుస్తకములో నున్నదా?” అని యా పిల్ల యడిగినది. “లేకేమి!” అంటిని. వెదకితిని. లేదు. 1910లో వెలువడిన యా కథలో సూది ప్రసంగమే లేదు. బ్రెట్టు కోరి, డాయిలు కుమార్తె సమ్మతి తీసికొని చేర్చిన ఘట్టమట. మూలభక్తుడనని ఱొమ్ము చఱచుకొన్న నాకు ఇన్నియేండ్లును అది తప్పుగ తోచలేదు. మేనకోడలు నవ్వలేదు, అదియే నాకు మఱింత సిగ్గయ్యెను.

సూదికొఱకు వెదకుచుండ మఱియొక ఘట్టము కంటబడినది. విషచూర్ణమును పరీక్షింపగోరి హోమ్సు దానిని దీపమున వేసి, వాట్సనును ఎదుట కూర్చుండబెట్టుకొనును. ఇరువురకును ప్రాణములమీదికి వచ్చును. ముందు తెలివి తెచ్చుకొన్నవాడు వాట్సనే. హోమ్సును బయటికి లాగికొనిపోయి బ్రదికించినవాడును వాట్సనే. అప్పు డా మహామేధావి కంఠము వణకుచుండగా క్షమాపణ చెప్పును: తనమీదనే చేసికొనరాని పరీక్షను స్నేహితునిమీద చేసితినని. ఈ కథను పదిమారులైన చదివియుందును. నాకు జ్ఞాపకమున్నది విషచూర్ణము మాత్రమే.

మఱునాటి యుదయమున నా మిత్రుని యింటికి పోయితిని. ఆతడు అరుగుమీద పత్రిక చదువుచుండెను. తల యెత్తలేదు.

“నీ రాత్‌బోను చిత్ర మొకటి నాకు చూపవోయి” అంటిని.

“ఏది? వాట్సను తెలివితక్కువవాడుగ నుండునదా?”

“అవును, అదియే.”

ఆతడు పత్రిక మడిచి, రెండు కాఫీలు పంపుమని లోపలికి కేకవేసెను.