12 వేల జీతం, 90 రూపాయల కోత

నలుగురిలో నోరు విప్పాలంటే గొంతు తడారిపోతుంది నాకు. ఫోన్ మోగినా అరచేతుల్లో చెమటే. ఇంట్లోవాళ్లు బిడియం అంటారు. డాక్టర్ గారు సోషల్ యాంగ్జైటీ అన్నారు. నెలనెలా మందులు వాడాలి.

రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి కాల్ సెంటర్: 24 వేలు, 3 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్. ఇంకోటి హైదరాబాద్ శివార్లలో ఓ గోడౌన్‌లో స్టాక్ ఎంట్రీ: రోజుకు 5 గంటలు, 12 వేలు, ఈఎస్‌ఐ. ‘బీటెక్ చదివి సగం రోజు పనేంట్రా?’ అన్నాడు మావయ్య.

కాల్ సెంటర్ వాళ్ల పాలసీ కాగితం మొత్తం చదివా. ఆస్పత్రిలో అడ్మిట్ అయితేనే డబ్బులిస్తారట. మానసిక సమస్యలకూ బీమా ఉండాలని 2017 చట్టం చెబుతోంది, నిజమే. కానీ నాకు కావాల్సింది బెడ్డు కాదు కదా... ఓపీ చీటీ, నెల మాత్రలు! ఈఎస్‌ఐలో అవి వస్తాయి. జీతంలో 0.75 శాతం, అంటే 90 రూపాయలు నాకు కట్ అవుతాయి. కంపెనీ 390 కడుతుంది.

తమాషా ఏంటంటే, ఆ మందుల కోసం డిస్పెన్సరీ క్యూలో నిలబడాలి, కౌంటర్ దగ్గర మాట్లాడాలి. మొదటి రోజు మూడుసార్లు లైన్ వదిలేసి బయటికొచ్చేశా. ఇప్పుడు పొద్దున్నే వెళ్తున్నా, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని.

డబ్బు మాత్రం చాలట్లేదు. గది అద్దెలో సగానికి పైగా అక్కే ఇస్తోంది. ఇంకో రెండు గంటల పని అడుగుదామని సూపర్‌వైజర్‌కి మెసేజ్ టైప్ చేసి పెట్టా. ఇంకా పంపలేదు.