బండ సందుల్లో అడవి

యార్క్‌షైర్‌లోని ఇంగిల్‌బరో కొండకి వారాంతమైతే జనం పోటెత్తుతారు. ఎత్తు 723 మీటర్లే. కానీ దీంతోపాటు పెనిగెంట్, వెర్న్‌సైడ్ కొండల్ని కూడా 12 గంటల్లోపు చుట్టి రావాలన్నది అక్కడి నడకరాయుళ్ల పంతం. మొత్తం 24 మైళ్లు. ఆ హడావుడిలో గడియారం చూసుకున్నన్నిసార్లు కాళ్ల కింది రాయిని చూడరు. నన్నడిగితే వాళ్లు కొండ ఎక్కారంతే, చూడలేదు.

శిఖరం ముతక ఇసుకరాయి. దాని గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. కింద ఉంది అసలు సంగతి: దాదాపు 200 మీటర్ల మందాన సున్నపురాయి. ముప్పై కోట్ల ఏళ్లకి ముందటి వెచ్చని సముద్రంలో గవ్వలూ పగడాలూ పేరుకుని తయారైంది. హిమనదాలు పైమట్టిని గీరేసి పోయాక బండలు బయటపడ్డాయి. వాననీరు బొగ్గుపులుసు వాయువుని కలుపుకొని, పగుళ్లని కరిగిస్తూ సందులు చేసింది. బండపలకని అక్కడివాళ్లు క్లింట్ అంటారు, సందుని గ్రైక్ అంటారు.

ఓ గ్రైక్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వంగి చూడాలి. పైన గొర్రెలు గడ్డిని మొదలంటా మేసేస్తాయి. వాటి మూతి అందని లోతులో, తడి నీడలో, నాలుకలా సాగిన నున్నటి హార్ట్స్‌టంగ్ ఫెర్న్ ఆకులు. ఆకు తిప్పితే అడుగున వరసగా గోధుమరంగు చారలు. పక్కనే ఎర్రకాడల హెర్బ్ రాబర్ట్. ఇవన్నీ అడవి నీడన పెరిగే మొక్కలు. చెట్లు ఏనాడో పోయినా వీటికి కావలసిన నీడ రాతిలో దొరికింది. అక్కడక్కడా ఓ యాష్ మొక్క తల బయటపెడుతుంది, గొర్రె కొరికేస్తుంది, మళ్లీ చిగురిస్తుంది.

కొండ కింది క్లాఫమ్ ఊరివాడు రెజినాల్డ్ ఫారర్ (1880–1920) మహా మొక్కల పిచ్చోడు. విత్తనాలు తుపాకీలో కూరి కొండచరియ మీదికి పేల్చాడని చెప్పుకుంటారు. రాతితోటల మోజు ఇంగ్లండుకి అంటించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పాపం ఆయనేం చేస్తాడు గానీ, ఆ మోజు తీర్చడానికే ఇలాంటి బండల్ని ఎన్నో చోట్ల పెకలించుకుపోయారు. వీటికి రక్షణ ఉత్తర్వులిచ్చే వీలు 1981 చట్టంతోగానీ రాలేదు.

ఇక ఫెల్ బెక్ వాగు. పైన బుద్ధిగా పారి, సున్నపురాయి తగలగానే గేపింగ్ గిల్ అనే గోతిలోకి 98 మీటర్లు దూకేస్తుంది. బెలుం గుహల్లో పాతాళగంగ చూసినవాళ్లకి రాతిలో నీటి దారులు కొత్త కాదు. ఇక్కడ మాత్రం వాగుకి వాగే పట్టపగలు మాయమవుతుంది. 1895లో ఫ్రెంచివాడు మార్తెల్ తాళ్ల నిచ్చెనతో తొలిసారి అడుగుదాకా దిగాడు. ఇప్పుడు మే, ఆగస్టు సెలవుల్లో గుహల క్లబ్బులవాళ్లు విన్చికి కుర్చీ తగిలించి జనాన్ని ఒక్కొక్కరినే దింపుతారు. దిగడం ఉచితమేననీ, పైకి లాగడానికే డబ్బులనీ అక్కడో పాత జోకు.