పాలపిట్ట దర్శనము

ప్రయాణము చేయువారు రెండు విధములు. ఊరు చేరుటకై పోవువారు కొందరు, త్రోవ చూచుటకై పోవువారు కొందరు. మొదటివారు బండి కదలిన వెంటనే నిద్రపోవుదురు. రెండవవారు కిటికీచెంత చోటుకై తోటివారితో తగవులాడుదురు. మేము రెండవ తెగవారము. విజయవాడనుండి మైలవరము, ఏ. కొండూరు మీదుగా తిరువూరునకు పోవు బస్సులో కిటికీ దొరకినదా, టిక్కెట్టు ఖరీదు రాబట్టుకొన్నట్లే. చెరువుగట్టున కొంగలు, తీగెమీదనుండి నీటిలోనికి గురిచూచు లకుముకిపిట్ట, గేదెవీపుపై సవారిచేయు చీలికతోక నల్లపిట్ట, ఇవన్నియు వేరు రుసుము లేకయే కానవచ్చును.

ఈ వినోదమునకు చిక్కులు లేకపోలేదు. ఒకమారు తిరువూరు వెలుపల చేనిగట్టున నిలిచి దుర్భిణితో తుమ్మచెట్టువైపు చూచుచుండగా ఒక రైతు పరుగున వచ్చి, "బాబుగారూ, కొత్త రోడ్డు మా చేనుమీదుగానే పోద్దాండీ?" అని యడిగెను. పిట్టను చూచుచున్నామని చెప్పితిమి. ఆయన చెట్టువంకను, మా నెరసిన తలవంకను మార్చిమార్చి చూచి, "పిట్టకోసం బెజవాడనుంచి వచ్చారా?" అని నిట్టూర్చి వెడలిపోయెను. రోడ్డు భయము తీరినది గాని, మా బుద్ధినిగూర్చిన సందేహము ఆయనకు తీరినట్లు తోపలేదు.

తిరువూరు మండలమున కావలనే తెలంగాణములోని ఖమ్మము జిల్లా. 2014లో రాష్ట్రము విభజింపబడినప్పుడు నీళ్లు, కొలువులు, కచేరీలు పంచుకొన్నట్లే తుదకు పక్షులును వేరుపడెను. ఉమ్మడి రాష్ట్రమునకు పాలపిట్ట రాష్ట్రపక్షి. తెలంగాణము దానినే నిలుపుకొనెను. ఆంధ్రప్రదేశము 2018లో రామచిలుకను వరించెను. కావున తిరువూరు పొలములో తీగెపై కూర్చున్న పాలపిట్ట సామాన్య గృహస్థు. నాలుగుమార్లు రెక్కలాడించి పెనుబల్లివైపు పోయినచో రాజలాంఛనములుగల పెద్దమనిషి. రామచిలుక గతి యిందుకు తలక్రిందులు. ఆవలినుండి ఈవలి మామిడితోటలోనికి రాగానే దానికి బిరుదు వచ్చును. కాని ప్రభుత్వమిచ్చిన బిరుదును తోటరైతు మన్నింపడు. కాయను సగము కొరికి క్రింద పారవేయు దొరగారికి ఆయన రేకుడబ్బా వాయించి స్వాగత మిచ్చును. పక్షులకు మాత్రము ఈ యెల్ల సంగతి నేటికిని తెలియదు.

పాలపిట్టను కూర్చుండగా మాత్రమే చూచినవారు నిరాశ పడుదురు. మట్టిరంగు వీపు, పెద్ద తల, అప్పు తీర్చలేక ఆలోచించువానివలె కదలని కూర్కుపాటు. నిజమునకది మిడుతలకును, కీచురాళ్లకును పొంచియుండును. అందుచే రైతునకు కూలి యడుగని పాలేరు. పురుగు కదలినంతనే రెక్క విప్పును. అప్పుడు చూడవలెను! ముదురునీలము, లేతనీలము పట్టెలు పట్టెలుగా మెరసి, ఆకసపు ముక్క యొకటి ఊడి చేనిలో పడినట్లుండును. ఆ నీలము ఈకకు అద్దిన రంగు గాదు. ఈకలోని మిక్కిలి సన్నని అల్లికపై వెలుతురు పడి చెదరుటచే పుట్టునది. 1934లో చంద్రశేఖర వెంకటరామన్ గారంతటివారు ఈ పక్షి యీకలను పరీక్షించి వ్యాసము ప్రకటించిరి.

విజయదశమినాడు పాలపిట్టను చూచిన శుభమని మనవారి నమ్మకము. ఆ పేరనైనను జనులు ఏడాది కొకమారు ఊరి వెలుపలికి పోయి తలయెత్తి చూచినచో మాకేమియు ఆక్షేపణ లేదు. కాని పట్టణవాసికి పొలిమేరకు పోవు తీరిక లేదు. శుభమును వదలుకొను ధైర్యమును లేదు. అందుచేత పిట్టయే వాని వీథికి వచ్చుచున్నది. పండుగకు ముందు వలవేసి పట్టి, ఎగురకుండ రెక్కలు కట్టి, పంజరమున నుంచి, చూపి పైకము గొనువారు బయలుదేరిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇట్టి పనిని నేరముగా నెంచుచున్నది. అయినను పట్టువాడు కూటికై పట్టును. శుభమునకై కొనువారము మనమే గదా! కొనువారు లేనినాడు వల దానంతట అదియే అటుకెక్కును.

మే మెరిగిన యొక యింటి వాకిట ఇట్టి పంజరమును దింపగా, యింటి పెద్దావిడ కన్నుల కద్దుకొని కాసులిచ్చెను. ఆమె మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, పంజరము చుట్టు రెండుమార్లు తిరిగి, "నాయనమ్మా, నీలంగా ఉంటుందన్నావు, లేదేం?" అని యడిగెను. "రెక్కలు కట్టేశారమ్మా" అని ముసలమ్మ చెప్పెను. "అయితే మనం చూసిందేమిటి?" అని పిల్ల మరల నడిగెను. ఆ ప్రశ్నకు వాకిట నున్న పెద్దవారిలో నొక్కరును ఉత్తరము చెప్పలేకపోయిరి.

నమ్మకము లన్నియు పక్షులకు శత్రువులని మేము చెప్పము. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును వచ్చి చెట్లపై గూళ్లు కట్టును. వాని రాకను శుభముగా నెంచి గ్రామస్థులు వానిని బిడ్డలవలె కాపాడుచున్నారు. అక్కడి శుభము చెట్టుకొమ్మపై నున్నది, ఇక్కడి శుభము పంజరములో నున్నది, భేద మింతియే. పాలపిట్ట యీకలను నరికి గడ్డిలో కలిపి పెట్టినచో ఆవు పాలెక్కువ యిచ్చునని మరియొక నమ్మకము పాతగ్రంథములలో వ్రాయబడి యున్నది. ఆవు నడిగినచో ఈకలు మాని గడ్డియే మరి రెండు మోపులు వేయుమనును.

కావున చదువరులారా, రాబోవు దసరానాడు పిల్లలను వెంటబెట్టుకొని ఊరిచివర కరెంటు తీగెలవరకు నడువుడు. పిట్ట కనబడెనా, మేలు. కనబడకున్నను చల్లగాలి దక్కును. పాలపిట్ట మనకు శుభము తెచ్చునో లేదో పండితులు వాదించుకొనవచ్చును; మనము పాలపిట్టకు తెచ్చుచున్న యశుభమును గూర్చి మాత్రము వాదము లేదు.