ఛాయాచిత్రం - కుడియెడమలు

చూసిన దానిని శాశ్వతంగా నిలుపుకోవాలన్న తపన మానవునికి అనాదిగా ఉంది. గుహల గోడలపై గీసిన బొమ్మలు, ఆలయ కుడ్యాలపై చెక్కిన శిల్పాలు అందుకు సాక్ష్యాలు. కెమెరా రాకతో ఆ కోరిక కరతలామలకమైంది. అయితే కెమెరా ఎన్నడూ అబద్ధమాడదన్న నమ్మకం పూర్తిగా సరియైనది కాదు. తొలినాటి ఛాయాచిత్రాలే కుడిని ఎడమగా చూపాయి.

1839లో ఫ్రాన్సు దేశంలో లూయీ డగేర్ కనుగొన్న పద్ధతి లోకానికి వెల్లడైంది. అందులో వెండిపూత గల రాగిరేకుపై బొమ్మ నేరుగా ఏర్పడేది. అందువల్ల అద్దంలోని ప్రతిబింబం వలె కుడియెడమలు తారుమారయ్యేవి. తరువాత వచ్చిన ఇనుపరేకు చిత్రాల తీరూ అంతే.

అమెరికాలో బిల్లీ ది కిడ్ అనే పేరుమోసిన బందిపోటు 1881లో మరణించాడు. అతని ఇనుపరేకు చిత్రంలో పిస్తోలు ఎడమ తుంటి వద్ద కనిపిస్తుంది. అది చూసి అతనిది ఎడమచేతి వాటమని జనం నమ్మారు. ఆ నమ్మకాన్నే పేరుగా పెట్టుకొని 1958లో ఒక చలనచిత్రం వచ్చింది. చివరకు అతని చేతిలోని వించెస్టర్ తుపాకీయే గుట్టు విప్పింది. ఆ తుపాకీలో తూటాలు నింపే ద్వారం కుడివైపున ఉంటుంది. బొమ్మలో అది ఎడమవైపున ఉంది. తిరగబడినది బొమ్మ! నిజం నిలకడమీద తెలుస్తుందని పెద్దలు ఊరకే అనలేదు.

నేడు బొమ్మను తిప్పడానికి చీకటిగది అక్కరలేదు. కంప్యూటరులోని బ్రౌజరే చాలు. ఛాయాచిత్రం అసంఖ్యాకమైన రంగుచుక్కల వరుసల సముదాయం. ప్రతి వరుసలోని మొదటి చుక్కను చివరకు, చివరి చుక్కను మొదటికి మార్చితే కుడియెడమలు తారుమారవుతాయి. ఫిల్మును తిరగవేసి స్కాన్ చేసిన పాత చిత్రాన్ని ఈ విధంగా సరిదిద్దవచ్చు. తిప్పవలెనో లేదో తేల్చడానికి బొమ్మలోని దుకాణం బోర్డుపై అక్షరాలు, చొక్కా బొత్తాలు, గోడగడియారపు అంకెలు తోడ్పడతాయి.

బొమ్మ సరియైనంత మాత్రాన కథ పూర్తికాదు. పెళ్ళి ఆల్బములో తాతగారి పక్కన నిలిచినది ఎవరో చెప్పగలిగిన చివరి వ్యక్తి కన్నుమూస్తే, ఆ ముఖం శాశ్వతంగా అనామకమవుతుంది. పూర్వం ఫోటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాసేవారు. 2004లో ప్రారంభమైన ఫ్లికర్ అనే వెబ్‌సైటు బొమ్మపై చిన్న గడి గీసి, అందులో వ్యాఖ్య రాసే వీలు కల్పించింది. 2008లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఛాయాచిత్రాలను అక్కడ ఉంచగా, సామాన్య పాఠకులే అనేక చిత్రాలలోని వ్యక్తులను, స్థలాలను గుర్తించారు. ఆ సమాచారంతో గ్రంథాలయం తన వివరాలను సరిదిద్దుకుంది.

ఈ సౌకర్యంతోపాటు కొంత బాధ్యత కూడా ఉంది. అసలు ప్రతిని చెరపక, నకలును మాత్రమే మార్చాలి. తిప్పిన సంగతిని వ్యాఖ్యలో తెలపాలి. తెలిసినది తెలిసినట్లు, ఊహించినది ఊహగా రాయాలి. కొన్ని వెబ్‌సైట్లలో బొమ్మ మన కంప్యూటరును దాటకుండానే పని పూర్తవుతుంది. మరికొన్నింటిలో అది దూరాన ఉన్న సర్వరుకు చేరుతుంది. ఇతరుల ముఖాలున్న చిత్రాల విషయంలో ఈ భేదాన్ని ముందే గ్రహించడం వివేకం.

కుడియెడమలను మార్చడం క్షణంలో పని. ఆ మార్పు చరిత్రను దిద్దుతుందో, వక్రీకరిస్తుందో నిర్ణయించేది మాత్రం యంత్రం కాదు, దానిని వాడే మనిషి.