దాచేపల్లి నుంచి మోటుపల్లి దాకా

వాడపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి పొందుగులలో దిగగానే నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు పల్నాడులోకి వస్తుంది. కాస్త పోతే దాచేపల్లి. కారంపూడి దగ్గర పలనాటి యుద్ధాన్ని చూసిన నాగులేరు ఇక్కడా తగులుతుంది. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కనే నడికుడి జంక్షన్. పత్తి బోరాలు, మిర్చి టిక్కీలు వేసుకుని లారీలు గుంటూరు వైపు పోతాయి. నేను మాత్రం ఈ రోడ్డునే పట్టుకుని సముద్రం వైపు సాగుతాను. ఈ మెట్టసీమల చరిత్రలో సముద్రానికి ఉన్న చోటును మనం బొత్తిగా మరిచిపోయాం.

సున్నం బట్టీల పిడుగురాళ్ల, ఆపైన నరసరావుపేట. ఎడమవైపు లోపలికి కొండవీడు. సంతమాగులూరు దాటాక గుండ్లకమ్మ సీమ, అద్దంకి. ఇక్కడ దొరికిన చాళుక్య సేనాని పండరంగడి పద్యశాసనం 848 నాటిది. తెలుగు పద్యం రాతికెక్కిన ఈ ఊరే 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డికి రాజధాని అయింది. అద్దంకిలో కూర్చుని ఆయన చూసింది తీరం వైపే. మోటుపల్లి రేవు చేతిలో లేకపోతే రాజ్యానికి రాబడి లేదు, గుర్రాలు లేవు.

ఆ రేవుకు పోవాలంటే ఇంకొల్లు మీదుగా నల్లరేగడి దాటాలి. చినగంజాం రాగానే నేల రంగు మారుతుంది: ఉప్పు మళ్లు, తెల్లటి కుప్పలు, సరుగుడు తోటలు. ఆ పక్కనే మోటుపల్లి.

ఇప్పుడది చిన్న పల్లె. వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244–45 నాటిది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం లాగేసుకునేవారట. గణపతిదేవుడు ఆ పని మానాడు. నిర్ణయించిన సుంకం తప్ప మిగతా సరుకు వర్తకుడిదేనని మాటిచ్చాడు. ఎగుమతైనా దిగుమతైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, మిరియాలు, ఒక్కొక్కదానికీ లెక్క చెప్పాడు. తుపానంటే ఏమిటో ఈ తీరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. అన్నీ పోగొట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషిని దోచుకోకూడదని ఓరుగల్లులో ఉన్న రాజు శాసనం వేయించడం నాకు యుద్ధ విజయాలన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

జాబితాలో మిరియాలున్నాయి, మిరపకాయ లేదు. అది అమెరికా ఖండం నుంచి రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లకు పైగా ఉంది. ఇవాళ గుంటూరు పేరే మిర్చితో ముడిపడింది గానీ, ఆనాడు ఈ సీమకు పేరు తెచ్చింది నూలుబట్ట. వెనిస్ వర్తకుడు మార్కో పోలో ‘ముత్ఫిలి’ అని రాసింది మోటుపల్లినేనని చరిత్రకారుల మాట. రాణి ఏలుబడిలోని రాజ్యమనీ, అక్కడి బట్ట సాలెగూడంత సన్నమనీ ఆయన రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అంటారు. వజ్రాలను గద్దల చేత పైకి తెప్పించేవారన్న కథ కూడా రాశాడు. దాన్ని నమ్మనక్కర్లేదు, బట్ట సంగతి మాత్రం నమ్మవచ్చు. ఇప్పటికీ పక్కనున్న చీరాలలో మగ్గాలు ఆడుతున్నాయి.

1358లో ప్రోలయ వేమారెడ్డి కొడుకు అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు మళ్లీ శాసనం వేయించాడు. రాజవంశం మారినా రేవుకు ఇచ్చిన మాట నిలబెట్టాలని ఆయనకు తెలుసు. తర్వాత వ్యాపారం ఈ రేవును విడిచి తూర్పుకు జరిగింది. 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ ఓడ వెళ్లింది నిజాంపట్నానికి, మచిలీపట్నానికి.

కారంపూడిలో వీరుల గుడి దగ్గర ఏటా ఉత్సవాలు చేస్తాం. అదే పల్నాటి పిల్లలను బస్సెక్కించి, ఈ రోడ్డు వెంట మోటుపల్లి తీసుకొచ్చి, గణపతిదేవుడి శాసనం ముందు నిలబెట్టి చదివి వినిపించాలి.