అతిథికి దివాన్‌ఖానా

మా కళాశాల వార్షిక సంచికకు రెండు ముఖాలు. ఎడమ వైపు తెరిస్తే తెలుగు, కుడి వైపు తెరిస్తే ఉర్దూ. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలికే మాబోటి వారికి ఈ రెండు లిపులూ రెండు కళ్ళు. కాని పాలమూరు విద్యార్థులు నేడు సెల్‌ఫోనులో రెండింటినీ వదలి, మాతృభాషను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తున్నారు. కారణమడిగితే, “మన అక్షరాలు కష్టం సార్, మెషిన్‌కు పట్టవు” అంటారు. ఈ మాటలో నిజమెంత? సాహిత్యం తప్ప వేరు శాస్త్రం చదవని మేము ఈ ప్రశ్న వెంట కొంత దూరం నడిచాము. ఆ దారిలో ఎదురైనదే వెబ్ అసెంబ్లీ.

మన లిపులు కష్టమన్న మాట కొంత నిజమే. తెలుగులో వత్తు, గుణింతం చేరగానే అక్షరం రూపు మారుతుంది. ఉర్దూ నస్తాలీఖ్‌లో ప్రతి హర్ఫ్ తన పొరుగువానిని బట్టి వంగి, ఏటవాలుగా క్రిందికి జారుతుంది. 1981లో నూరీ నస్తాలీఖ్‌ను అచ్చుయంత్రానికి ఎక్కించడానికి మీర్జా అహ్మద్ జమీల్ వేలాది కూడికలను వ్రాయవలసి వచ్చింది. నేడు అక్షరాలను ఇట్లా కూర్చే పని ప్రోగ్రాములది. వానిలో ప్రసిద్ధమైనది హర్ఫ్‌బజ్. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచినది. ఉర్దూ విద్యార్థులకు ఈ పేరు విడమరచి చెప్పనక్కర లేదు.

పని క్లిష్టమైన చోట ప్రమాదం పొంచి ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులు ఒక తెలుగు అక్షరం ముందు కూలబడ్డాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞకూ దాని దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక సంకేతం చేరితే, దానిని చూపబోయిన ప్రోగ్రామే మూతపడేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని లోకం నవ్వుకొన్నది. మేము నవ్వలేకపోయాము. తప్పు అక్షరానిదా? ఒక మూల జరిగిన పొరపాటు ఇల్లంతా కూల్చేటట్లు కట్టిన కట్టడానిదా?

మా వైపు పాత ముస్లిం ఇళ్ళలో వీధి వైపు దివాన్‌ఖానా ఉంటుంది. వచ్చిన మెహమాన్ ఎవరైనా అక్కడే కూర్చుంటాడు. చాయ్, మంచినీళ్ళు లోపలి నుంచి అందుతాయి. లోపలి గదుల తాళాలు మాత్రం అందవు. అది అవమానం కాదు, అదబ్.

వెబ్ అసెంబ్లీ కూడ ఇట్టి మర్యాదే. అది ఒక చిన్న సంకేత రూపం; సీ, రస్ట్ వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రామును ఆ రూపానికి మారుస్తారు; అట్లా మారినదానిని మాడ్యూల్ అంటారు. 2017లో ప్రధాన బ్రౌజరులు దీనికి చోటిచ్చాయి. తరువాత బ్రౌజరు వెలుపల, కంప్యూటరులో నేరుగా నడిచే ప్రోగ్రాములు కూడ మాడ్యూళ్ళను తమలోనికి పిలిచి పని చేయించుకోసాగాయి. వాస్మ్‌టైమ్ వంటి సాధనాలు అందుకు తోడ్పడతాయి. మాడ్యూలుకు 64 కిలోబైట్ల పుటల లెక్కన కొంత జ్ఞాపకస్థలం ఇస్తారు. ఆ హద్దు దాటి చేయి చాస్తే దాని పని అక్కడికక్కడే ఆగుతుంది. ఆతిథేయి సిద్ధంగా ఉంటే ఇల్లు నిలుస్తుంది. ఫైలు తెరవాలన్నా, గడియారం చూడాలన్నా ఆతిథేయి చూపిన ద్వారమే గతి.

ఈ మర్యాద మన లిపుల దాకా వచ్చింది. 2017లో వెలువడిన అవామీ నస్తాలీఖ్ ఫాంటు గ్రాఫైట్ అనే అక్షర కూర్పు సాధనాన్ని ఆశ్రయించింది. 2021 డిసెంబరులో వచ్చిన 95వ ఫైర్‌ఫాక్స్, ఆ గ్రాఫైట్‌ను వెబ్ అసెంబ్లీ హద్దులలో ఉంచి, తిరిగి యంత్రభాషలోనికి మార్చి తనలో నడిపింది. 2023లో హర్ఫ్‌బజ్ మరొక అడుగు వేసి, ఫాంటు తన కూర్పు నియమాలను మాడ్యూలుగా వెంట తెచ్చుకొనే వీలును ప్రయోగాత్మకంగా కల్పించింది. లిపి తెలిసినవాడే నియమం వ్రాసి పంపవచ్చునన్న మాట.

గోడ గట్టిదైనంత మాత్రాన అతిథి పలికినదంతా సత్యం కాదు. మాడ్యూల్ ఇచ్చిన ఫలితాన్ని ఆతిథేయి సరిచూచి తీరాలి. అది అంతులేక తిరుగుతుంటే ఆపడానికి పనికి పరిమితి పెట్టాలి. వేగం కొంత తగ్గవచ్చు. అయినా ఈ మూల్యం న్యాయమైనదే. కష్టమైన అతిథి వచ్చాడని తలుపు మూసుకోవడం కంటే మంచి దివాన్‌ఖానా కట్టుకోవడం మేలు కదా!

కావున విద్యార్థులారా, మన అక్షరాలు యంత్రానికి పట్టవనే మాట ఇక కట్టిపెట్టండి. కంప్యూటర్ చదివేవారు ఈ కూర్పు విద్యను నేర్వండి. అందులో తెలుగు, ఉర్దూ రెండూ వచ్చినవారి అవసరం ఎంతైనా ఉన్నది. తక్కినవారు ఈ రాత్రి ఇంటికి పంపే సందేశమైనా సొంత లిపిలో వ్రాయండి.